మున్సిపల్ గొడవలపై జిల్లా పేజీ రాతలు: పక్షపాతం యజమానిదా, జీతం లేని విలేకరి పరిస్థితిదా?

నాలుగో వార్డు ఓటరు:

మాది కోస్తాలో ఒక చిన్న మున్సిపాలిటీ. 2021 మార్చి ఎన్నికల్లో ఒక పార్టీ పాలకవర్గం ఏర్పడింది. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కౌన్సిలర్లలో సగానికి పైగా కండువా మార్చారు. అప్పటి నుంచి ప్రతి కౌన్సిల్ సమావేశంలో రభసే. మర్నాడు మూడు పత్రికల జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒకే సమావేశం గురించి రాశారంటే నమ్మడం కష్టం. ఒకదానిలో చైర్మన్ గొంతు నొక్కేశారు, మరొకదానిలో చైర్మనే సభ్యుల గొంతు నొక్కాడు.

అయితే నన్ను బాధపెడుతున్నది ఆ శీర్షికలు కాదు. ఏ పత్రిక ఎటు మొగ్గుతుందో ఊళ్లో చిన్నపిల్లలకైనా తెలుసు. ఆ రభస మధ్యలోనే టేబుల్ అజెండా (ముందుగా పంచిన జాబితాలో లేకుండా సమావేశంలో అప్పటికప్పుడు పెట్టే అంశాలు) కింద తాగునీటి పైపులైన్ పనులు, టెండరు లేకుండా నామినేషన్ మీద ఇచ్చిన మరమ్మతులు, చైర్మన్ ముందస్తు అనుమతితో ఎప్పుడో జరిగిపోయిన ఖర్చులు ఆమోదం పొందాయి. ఆ సంగతి మూడు పత్రికల్లో ఒక్కదానిలోనూ లేదు. అధికార పక్షం పత్రికా రాయలేదు, ప్రతిపక్షం పత్రికా రాయలేదు. నా దృష్టిలో అసలు పక్షపాతం ఇదే. మీరేమంటారు?

మూడు పత్రికల పాఠకుడు:

మీరు అసలు దోషిని వదిలేసి పక్కవాణ్ని పట్టుకుంటున్నారు. జిల్లా పేజీకి స్వతంత్రంగా ఆలోచించే తల ఎక్కడుంది? తల హైదరాబాదులోనో విజయవాడలోనో ఉంటుంది. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు తెలుగుదేశానికి దగ్గరని, 2008లో వచ్చిన సాక్షి జగన్ కుటుంబం స్థాపించిందని, 2011లో మొదలైన నమస్తే తెలంగాణ ఇప్పటి బీఆర్ఎస్‌తో ముడిపడినదని తెలియని పాఠకుడు ఎవరు? పైనున్న గీత కింద వార్డు దాకా సాగుతుంది.

2021లో తాడిపత్రి చూడండి. 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైసీపీకి 16, సీపీఐకి ఒకటి, స్వతంత్రుడికి ఒకటి. ఎమ్మెల్యే, ఎంపీ వంటివాళ్లకు పదవి వల్ల వచ్చే ఎక్స్ అఫీషియో ఓట్లు లెక్కలోకి రావడంతో చైర్మన్ పీఠం ఆఖరి ఘడియ దాకా ఊగింది. అలాంటి చోట ఎవరు ఎవరిని క్యాంపుకు తీసుకెళ్లారు, ఎవరు ఎవరిని బెదిరించారు అన్నది పత్రికను బట్టి మారిపోతే, ఓటు వేసినవాడు దేన్ని నమ్మాలి?

డబ్బు సంగతి కూడా మరిచిపోవద్దు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాలంటీర్లకు, సచివాలయ సిబ్బందికి పత్రిక కొనుక్కోవడానికి నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. అది సాక్షి అమ్మకాలు పెంచడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఖజానా నుంచి చందాలు కట్టించే స్థాయిలో పోటీ నడుస్తుంటే, మీ ఊరి విలేకరి ఏం రాశాడన్నది చాలా చిన్న విషయం.

మాజీ కంట్రిబ్యూటర్:

ఇద్దరికీ నమస్కారం. చాలా ఏళ్లు ఒక పట్టణం నుంచి కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని విలేకరిగా, వార్తలు పంపినవాణ్ని. పత్రిక పేరు చెప్పను, అవసరం లేదు. పాఠకుడు గారు చెప్పినదానిలో నిజముంది కానీ, అది పై అంతస్తు. కింద ఏం జరుగుతుందో చెబుతాను.

కౌన్సిల్ సమావేశం రోజు ప్రెస్ గ్యాలరీలో మేమంతా కూర్చునేవాళ్లం. బయటికి వచ్చాక ఒకరు వార్త రాస్తే మిగతావాళ్లు దాన్నే అటూఇటూ మార్చి పంపేవారు. అంటే మూడు పత్రికలకూ వెళ్లిన ముడిసరుకు దాదాపు ఒకటే! రంగు పడేది పత్రిక ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్‌లో. శీర్షిక అక్కడ పెడతారు, ఎవరి ఫొటో పెద్దది, ఎవరి మాట రెండో పేరా నుంచి చివరి పేరాకు పోవాలి అన్నదీ అక్కడే నిర్ణయిస్తారు. ఇంతవరకు పాఠకుడు గారి వాదన సరైనదే.

కానీ ఓటరు గారు అడిగిన టేబుల్ అజెండా ఎందుకు రాలేదు? అది డెస్క్ కొట్టేసింది కాదు, అసలు మేం పంపనే లేదు. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది. అది పెట్రోలుకు సరిపోతే గొప్ప. అసలు ఆదాయం ప్రకటనల మీద కమీషన్. పత్రిక వార్షికోత్సవం, సంక్రాంతి, ఆగస్టు పదిహేను, ఎమ్మెల్యే పుట్టినరోజు, ప్రతిదానికీ టార్గెట్ ఉంటుంది. చిన్న ఊళ్లో శుభాకాంక్షల ప్రకటన ఇవ్వగలిగేది ఎవరు? చైర్మన్, ఆశావహుడైన వైస్ చైర్మన్, మున్సిపల్ కాంట్రాక్టరు, ఒకటి రెండు ప్రైవేటు స్కూళ్లు, ఆసుపత్రులు. పార్టీలు మారినా కాంట్రాక్టరు మారడు. అతను అన్ని పత్రికలకూ ప్రకటన ఇస్తాడు. చైర్మన్‌ను తిడుతూ రాయవచ్చు, ఎదుటి పక్షం ప్రకటన ఇస్తుంది. కాంట్రాక్టరు బిల్లు గురించి రాస్తే ఏ పక్షమూ ఇవ్వదు. అందుకే మూడు పత్రికలూ ఒకే చోట మౌనంగా ఉంటాయి.

దీనికి తోడు అక్రిడిటేషన్ కార్డు, అంటే విలేకరికి ప్రభుత్వ గుర్తింపు. కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ ఇస్తుంది. బస్సు పాసు, ఇంటి స్థలం ఆశ, అన్నీ ఆ కార్డుతో ముడిపడి ఉంటాయి. కార్డు ఇచ్చే యంత్రాంగం మీదే నిఘా పెట్టమంటే మనిషి ఎంత గట్టివాడైనా ఒకసారి ఆలోచిస్తాడు. విలేకరుల్లో నిజాయితీపరులు లేరని నేను అనడం లేదు. ఉన్నారు, దెబ్బలు తిన్నవాళ్లూ ఉన్నారు. నిజాయితీగా ఉండటానికి వాళ్లకు నెలనెలా ఏమీ రాదని చెబుతున్నాను.

మహిళా రిజర్వేషన్‌లో గెలిచిన ఒక మాజీ కౌన్సిలర్:

మీ ముగ్గురూ పార్టీ గురించి, డబ్బు గురించి మాట్లాడారు. నాకు ఎదురైనది వేరు.

మాది తెలంగాణ. 2020 జనవరిలో గెలిచాను. మా రాష్ట్రంలో మున్సిపల్ వార్డుల్లో సగం మహిళలవి. అంటే కౌన్సిల్ హాలులో సగం మందిమి మేమే. జిల్లా పేజీలో మాత్రం సగం కాదు కదా, పదో వంతు కూడా కనిపించేవాళ్లం కాదు. నేను మురుగు కాలువ గురించి లేచి మాట్లాడితే మర్నాడు ‘పలువురు సభ్యులు నిలదీశారు’ అని వచ్చేది. అవిశ్వాసం గొడవ వచ్చినప్పుడైతే విలేకరులు మా ఆయనకు ఫోను చేసేవారు. ‘ఆమెనే అడగండి’ అని ఆయన చెప్పినా, మళ్లీ ఆయన పేరుతోనే వార్త.

2023 చివర ప్రభుత్వం మారాక 2024 మొదట్లో ఎన్ని మున్సిపాలిటీల్లో అవిశ్వాస తీర్మానాలు పెట్టారో గుర్తుందా? నల్గొండలో చైర్మన్ దిగిపోయింది ఆ జనవరిలోనే. 2019 మున్సిపల్ చట్టం ప్రకారం మూడేళ్లు నిండాక అవిశ్వాసం పెట్టవచ్చు, అంతవరకు న్యాయమే. క్యాంపులకు తీసుకెళ్లిన కౌన్సిలర్ల గురించి పత్రికలు ఎంత ఉత్సాహంగా రాశాయో తెలుసు కదా. ఏ రిసార్టు, ఏ బస్సు, తిరిగొచ్చింది ఎప్పుడు, అన్నీ రాశారు. అందులో ఎంతమంది మహిళలు తమ ఇష్టంతో వెళ్లారని ఒక్కరైనా అడిగారా? చైర్మన్‌ను ఎందుకు దించుతున్నారో, ఆ నాలుగేళ్లలో వార్డుకు ఎంత ఖర్చయిందో రాసినవాళ్లను నేను చూడలేదు. రెండు పార్టీల పత్రికలూ ఈ విషయంలో ఒకటే. దీన్ని కూడా పక్షపాతమే అంటాను.

మూడు పత్రికల పాఠకుడు:

అమ్మా, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకోవలసిందే. కానీ మాజీ కంట్రిబ్యూటర్ గారితో విభేదిస్తాను. జీతం ఇవ్వకుండా ప్రకటనల టార్గెట్ పెట్టింది ఎవరు? యాజమాన్యమే కదా! మీరు చెప్పినదంతా నా వాదనకే బలం. విలేకరి పరిస్థితి అని జాలి చూపిస్తే, ఆ పరిస్థితి కల్పించినవాళ్లు తప్పించుకుంటారు. చర్య తీసుకోవాల్సింది వాళ్ల మీద.

కోర్టు పక్షి:

ఎవరు తీసుకోవాలి? ఆ ప్రశ్న దగ్గర జాగ్రత్తగా ఉందాం. ప్రభుత్వం తీసుకుంటే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో రెండుసార్లు చూశాం. 2007లో జీవో 938, 2019 అక్టోబరులో జీవో 2430. రెండూ ‘తప్పుడు వార్తల’ మీద కేసులు వేసే అధికారాన్ని అధికారుల చేతిలో పెట్టినవే. అలాంటిది మళ్లీ వస్తే ముందుగా బలయ్యేది పెద్ద పత్రిక కాదు, మున్సిపల్ కమిషనర్ మీద ఒక్క వార్త రాసిన మండల విలేకరి.

చట్టంలో ఉన్న దారి ప్రెస్ కౌన్సిల్, పత్రికల మీద ఫిర్యాదులు వినే జాతీయ సంస్థ. దినపత్రికలో వచ్చిన వార్త మీద ముందు సంపాదకుడికి రాయాలి, ప్రచురించిన రెండు నెలల లోపు కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. అది మందలించగలదు, అభిశంసించగలదు, జరిమానా వేయలేదు. ఎన్నికల్లో డబ్బు తీసుకుని రాసే వార్తల మీద 2010లో దాని ఉపసంఘమే పేర్లతో నివేదిక ఇచ్చింది. ఉపసంఘంలోని ఇద్దరిలో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె. శ్రీనివాసరెడ్డి. అయినా పూర్తి నివేదికను బయటపెట్టడానికి కౌన్సిల్ వెనుకాడింది. 2011లో కేంద్ర సమాచార కమిషన్ చెబితే గానీ పెట్టలేదు. పైగా ఓటరు గారి బాధ రాయని వార్త గురించి. రాయని వార్త మీద ఎవరికని ఫిర్యాదు చేస్తారు?

నాలుగో వార్డు ఓటరు:

అందుకే ఫిర్యాదు ఆలోచన మానుకున్నాను. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం కౌన్సిల్ సమావేశాల మినిట్స్ ప్రజలకు అందుబాటులో ఉంటాయో లేదో మున్సిపాలిటీ తనంతట తానే చెప్పాలి. చెప్పకపోతే పది రూపాయలతో దరఖాస్తు. అజెండా, తీర్మానాలు, టేబుల్ అజెండా అంశాలు, పని ఎవరికి ఇచ్చారు, ఎంతకు ఇచ్చారు, ఇవన్నీ తీసుకుని వార్డులో అంటిద్దామని నలుగురం అనుకున్నాం. పత్రిక రాస్తే సంతోషం, రాయకపోయినా కాగితం గోడ మీద ఉంటుంది.

మాజీ కౌన్సిలర్:

తీసుకోండి, తప్పకుండా. ఒక్క సంగతి ముందే చెప్పాలి. తీర్మానాల పుస్తకంలో ప్రతి అంశం కింద ‘ఆమోదించడమైనది’ అని మాత్రమే ఉంటుంది. ఎవరు వ్యతిరేకించారో ఉండదు. సభ్యులు అసమ్మతిని రాతపూర్వకంగా ఇచ్చి ఉంటేనే అది ఫైలులో దొరుకుతుంది. నేను రెండుసార్లు ఇచ్చాను. మీ వార్డు కౌన్సిలర్ ఇచ్చారో లేదో దరఖాస్తులో అది కూడా అడగండి.