బందీ ప్రత్యక్ష అంటే బందీ వచ్చి తీరాలా?

పోటీ పరీక్షల పుస్తకాల్లో, నిర్బంధంలో ఉన్న మనిషి కోసం కోర్టు ఇచ్చే ఆదేశమైన (రిట్) హెబియస్ కార్పస్‌కి 'బందీ ప్రత్యక్ష' అని ఇస్తారు. మా విజయనగరంలో ఆ మాట ఎవరి నోటా రాదు. 'మా గుంటడ్ని చూపించమని హైకోర్టులో రిట్టేసినాం' అంటారు. నాకైతే ఇదే ఇష్టం. కానీ రెండిట్లోనూ ఒక చిక్కుంది. మనిషిని తెచ్చి జడ్జి ముందు నిలబెడితే చాలనిపిస్తుంది. ఏ అధికారంతో లోపల పెట్టారని నిలదీయడం ఈ రిట్‌లో అసలు పని.

ఇది తేలిన కేసు మూలం మన దగ్గరే. పార్వతీపురం కుట్ర కేసు ముద్దాయి, నక్సలైట్ నాయకుడు కానూ సన్యాల్ విశాఖ సెంట్రల్ జైల్లో ఉంటూ, రాజ్యాంగం 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఖైదీని ఢిల్లీకి రప్పించకుండానే విచారించవచ్చని 1973లో కోర్టు అంది, 1974లో పిటిషన్ కొట్టేసింది. లాటిన్‌లో కార్పస్ అంటే శరీరం. ఆ శరీరం మాత్రం విశాఖ దాటలేదు! (పార్వతీపురం అప్పట్లో శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరంలోకి వచ్చింది, 2022 నుంచి మన్యం జిల్లా.)

ఇది చెప్తుంటే ఓ విద్యార్థిని అడిగింది:

— మాస్టారూ, హైకోర్టు కొట్టేశాక ఖైదీ పైకి వెళ్తే 'అప్పీలు' అనొచ్చా? పేపర్లో ఒకసారి అప్పీలంటారు, ఒకసారి మళ్ళీ పిటిషన్ అంటారు.

— రెండూ ఉన్నాయమ్మా, దారులే వేరు. 136వ అధికరణం కింద వెళ్తే ముందు అప్పీలుకి అనుమతి అడగాలి. అది దొరక్కపోతే అప్పీలే పుట్టదు. పేపర్లవాళ్ళు ఈ మెట్టు మింగేస్తారు. రెండోది, 32 కింద కొత్త పిటిషన్. భూమి తగాదాలో ఒకసారి తేలిపోయింది మళ్ళీ తవ్వుతానంటే కుదరదు కదా. హెబియస్ కార్పస్‌కి ఆ అడ్డు లేదని 1967లో గులాం సర్వర్ కేసులో చెప్పారు. అందుకే హైకోర్టు కాదన్నా తలుపు పూర్తిగా మూసుకోదు. శిక్ష పడి జైల్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు శిక్ష మీదే అప్పీలుకెళ్ళాలి. తీర్పు తప్పని ఈ రిట్ వేస్తే మామూలుగా నిలవదు.

— అయితే మనవాళ్ళు 'చూపించండి' అనడం తప్పా మాస్టారూ?

— తప్పెందుకమ్మా? రాత్రి జీపెక్కించుకుపోయి, తెల్లారి అడిగితే 'మా దగ్గర లేడు' అన్నారనుకో. అప్పుడు మొదట అడగాల్సింది అదే.