ప్లేట్ మీద 150 ఉంది, సెంటీస్టోక్స్‌లో ఎంత? పొద్దున్నుంచి ఇదే పని

జీడిమెట్ల ప్రెస్‌షాప్: అందరికీ నమస్కారం. తొమ్మిదింటి నుంచి ఈ లెక్క మీదే కూర్చున్నా, బుర్ర పనిచేయడం లేదు. హైడ్రాలిక్ ప్రెస్‌లో ఆయిల్ మార్చాలి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత ఇంపోర్టెడ్ మెషిన్, మాన్యువల్ లేదు. ట్యాంకు మీద ప్లేట్‌లో 150 అని ఉంది. రాణిగంజ్‌లో అడిగితే ఏ గ్రేడు, 32 కావాలా, 46 కావాలా, 68 కావాలా అంటున్నారు. కన్వర్టర్ యాప్‌లో స్టోక్స్ నుంచి సెంటీస్టోక్స్ పెడితే 15,000 వచ్చింది. అదే చెబితే షాపాయన "అన్నా, నువ్వు అడిగేది ఆయిల్ కాదు, తారు" అని నవ్వాడు. ఇంకో యూనిట్ పెడితే 0.00015. 200 లీటర్ల డ్రమ్ము, సీల్ తీస్తే వాపసు తీసుకోరు. సాయంత్రం షిఫ్టుకి మెషిన్ నడవాలి. ఒక్క ముక్కలో చెప్పండి, 150 అంటే ఎంత?

బాలానగర్ టర్నర్: 150 ఏంటి?

జీడిమెట్ల ప్రెస్‌షాప్: అదే, విస్కాసిటీ అన్నా.

బాలానగర్ టర్నర్: యూనిట్.

చిక్కడపల్లి మాస్టారు: ముందు ఒక మాట. ద్రవం పారడానికి అడ్డుపడే గుణమే విస్కాసిటీ, దానికి మనకు చక్కగా స్నిగ్ధత అనే పదం ఉంది. మీరు అడిగేది శుద్ధగతిక స్నిగ్ధత, అంటే స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది. ఈ భాగహారం భలే తమాషాలు చేస్తుంది. 20 డిగ్రీల దగ్గర నీళ్లది 1 సెంటీస్టోక్. పాదరసం అంత బరువైనది కదా, దానిది 0.11 మాత్రమే. గాలిది 15! ఈ లెక్కన నీళ్లకంటే గాలికే ఎక్కువ. స్టోక్ అనే ఆ పేరు 1819లో ఐర్లాండ్‌లో పుట్టి కేంబ్రిడ్జిలో పాఠాలు చెప్పిన జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్‌ది.

కుషాయిగూడ: స్నిగ్ధత అంటే ఏ షాపులో అర్థమవుతుంది మాస్టారూ? చిక్కదనం అంటే సరిపోదా?

చిక్కడపల్లి మాస్టారు: సరిపోదు. చిక్కదనం అనగానే జనం బరువు అనుకుంటారు. ఆముదం అంత చిక్కగా ఉండీ నీళ్ల మీద తేలుతుంది.

కుషాయిగూడ: అయితే జిగట అందాం.

చిక్కడపల్లి మాస్టారు: జిగట అంటే అంటుకునేది. బెల్లం పాకం.

జీడిమెట్ల ప్రెస్‌షాప్: సార్, పాకం సంగతి తర్వాత చూద్దాం. ప్లేట్‌లో స్టోక్స్ అని ఎక్కడా లేదు. సెకన్లు అనో ఏదో ఉంది, అక్షరాలు అరిగిపోయాయి.

కాలేజీ ల్యాబ్: సెకన్లా? ఆ మాట మొదట్లోనే చెప్పాల్సింది తమ్ముడూ. అది రెడ్‌వుడ్ విస్కోమీటర్ లెక్క. మా ల్యాబ్‌లో ఏటా ఇదే ప్రయోగం. కప్పులో నూనె పోసి, బాల్ వాల్వ్ ఎత్తి, కింద 50 మిల్లీలీటర్ల ఫ్లాస్క్ గీత దాకా నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. పిల్లలు నురగ గీతను తాకగానే స్టాప్‌వాచ్ నొక్కేస్తారు, అసలు నూనె ఇంకా కిందే ఉంటుంది. ధార మెడ గోడ మీద పడేట్టు ఫ్లాస్క్ జరపండిరా అని ఎన్నిసార్లు చెప్పినా వినరు. సరే, లెక్క ఇది. 100 సెకన్లు దాటితే 0.247ని సెకన్లతో గుణించి, 50ని సెకన్లతో భాగించి అందులోంచి తీసేయాలి. నీకు 36.7 సెంటీస్టోక్స్. 32 దాటింది కాబట్టి 46 తీసుకో.

బాలానగర్ టర్నర్: సేబోల్ట్ విస్కోమీటర్ అయితే? దానికి ఫ్లాస్క్ 60 మిల్లీలీటర్లు, ఫార్ములా వేరు. ఫొటో పెట్టు.

కుషాయిగూడ: యాప్‌లో సెకన్లు దొరకవు, ఎందుకంటే అది ఒక్క గుణకంతో మారే యూనిట్ కాదు. ఇంకోటి, చదరపు మీటర్ల నుంచి చదరపు మిల్లీమీటర్లకు వెళ్తే వెయ్యి కాదు, 10 లక్షలు. నేనొకసారి వెయ్యితో గుణించి మా సార్ దగ్గర తిట్లు తిన్నాను. డేటాషీట్‌లో సెకనుకు ఇన్ని చదరపు మిల్లీమీటర్లు అని ఉంటే అవే సెంటీస్టోక్స్, ఏమీ మార్చక్కర్లేదు.

జీడిమెట్ల ప్రెస్‌షాప్: కిరోసిన్ గుడ్డతో తుడిచా, ఇప్పుడు కనిపిస్తోంది. 150 ఎస్‌ఎస్‌యు, పక్కన 100 ఎఫ్. ఆ 100 ఎఫ్ ఫిల్టర్ నంబరు అనుకుని చెప్పలేదు.

బాలానగర్ టర్నర్: ఎస్‌ఎస్‌యు అంటే సేబోల్ట్ సెకన్లే. ఎఫ్ అంటే ఫారన్‌హీట్. మన లెక్కలో 37.8 డిగ్రీలు. 0.22 ఇంటూ 150, 33. 135 బై 150, 0.9. తీసేస్తే 32.1. వీజీ నంబరు, అంటే షాపాయన అడిగిన 32, 46, 68 గ్రేడు, 40 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్‌ది, అక్కడికి వచ్చేసరికి 29 చిల్లరకు దిగుతుంది. వీజీ 32 అంటే 28.8 నుంచి 35.2 దాకా. అంచులో ఉన్నా లోపలే. 32 తెచ్చుకో.

కాలేజీ ల్యాబ్: సేబోల్ట్ అని ముందే తెలిస్తే నేనూ అదే చెప్పేవాణ్ణి.

ఉప్పల్ షెడ్: అవన్నీ పుస్తకం లెక్కలు. మన ఎండలకు 32 నీళ్లలా అయిపోతుంది. మేమంతా 68 పోస్తాం, ఏమీ కాలేదు.

బాలానగర్ టర్నర్: పొద్దున చల్లని మెషిన్ స్టార్ట్ చేస్తే పంపు గోల పెట్టదా?

ఉప్పల్ షెడ్: పెడుతుంది. కాసేపటికి అదే సర్దుకుంటుంది.

కాలేజీ ల్యాబ్: సర్దుకోదు, అరుగుతుంది. చిక్కటి నూనె లాగలేక పంపు ఖాళీగా పీలుస్తుంది. అలాగని ఎండ మాట కొట్టిపారేయలేం. 32 నూనె 60 డిగ్రీలకు వేడెక్కితే 15 ప్రాంతానికి పడిపోతుంది. బయట ఎండ కాదు, ట్యాంకులో ఎంత ఉందో చూడాలి. తమ్ముడూ, ప్రెస్ రెండు గంటలు నడిచాక ట్యాంకు టెంపరేచర్ ఎంత ఉంటోంది? పంపు గేర్‌దా, వేన్‌దా?

చిక్కడపల్లి మాస్టారు: "చిక్కటి నూనె" అని మీరూ అనేశారు.

జీడిమెట్ల ప్రెస్‌షాప్: 32 డ్రమ్ము ట్రాలీ ఆటోలో ఎక్కించేశా, బోయిన్‌పల్లి సిగ్నల్ దగ్గర ఉన్నా. థ్యాంక్స్ అన్నా.

కాలేజీ ల్యాబ్: టెంపరేచర్ చెప్పలేదు.