చెక్క ఫ్లోరుకి రోజూ తడిబట్ట పెట్టొచ్చా?

పటమట_గృహిణి:
విజయవాడలో మాది ఫ్లాటు. హాల్లో టేకు ఫ్లోరు వేయించాం, పైన పీయూ కోటింగ్ (పాలీయురేథేన్ అనే రక్షణ పూత) ఉంది. వానలు మొదలయ్యాక బాల్కనీ తలుపు దగ్గర పలకలు లేచాయి. చెయ్యి పెట్టి చూస్తే ప్రతి పలకా నడుమ గుంటపడి, రెండు పక్కలా ఎత్తుగా తగులుతోంది. ఫినాయిల్ నీళ్లతో రోజూ తుడవకపోతే మా అత్తగారికి ఇల్లు తుడిచినట్టే ఉండదు. మావారేమో చెక్కకి నీటిచుక్క తగలకూడదంటారు. ఏది కరెక్టో తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_బాబాయ్:
మీ అత్తగారి మాటే రైటమ్మా. గుంటూరులో మా పాత ఇంటి మిద్దె మీదంతా టేకు చెక్కలే. శుక్రవారం వచ్చిందంటే మా అమ్మ తడిబట్ట పెట్టాల్సిందే. ఆ నేల ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఫినాయిల్ వాసన పడకపోతే బకెట్ నీళ్లలో కాస్త వెనిగర్ పోయించండి. శుభ్రమూ అవుతుంది, మెరుపూ వస్తుంది.

సత్యనారాయణపురం:
టైల్స్ వేయించుకుంటే ఈ టెన్షనే ఉండదు కదండీ.

కలప_పని:
నేను చెక్క ఫ్లోర్లు వేసేవాణ్ణి. బాబాయ్ గారూ, పాత మిద్దెల చెక్క వేరు, ఇది వేరు. అక్కడ మందపాటి పలకల్ని దూలాల మీద పరిచేవారు, కింద గాలి ఆడేది. తడిసినా ఆరిపోయేది. ఫ్లాటులో పైన కోటింగ్, కింద సిమెంటు శ్లాబు. సందుల్లోకి దిగిన నీరు త్వరగా బయటికి పోదు. చెక్క పొడవు పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది. అడుగు తడిగా, పైన పొడిగా ఉంటే ఇలాగే అంచులు లేస్తాయి.

వెనిగర్ వద్దు. అది ఆమ్లం, పదేపదే వాడితే కోటింగ్ మెరుపు చచ్చిపోతుంది. ఫినాయిల్ జిడ్డుపొరలా మిగిలితే దాని మీద దుమ్ము అంటుకుంటుంది. స్టీమ్ మాప్ అసలే వద్దు, ఆవిరి సందుల్లోకి దూరుతుంది. రోజూ మెత్తటి చీపురో, పొడి మైక్రోఫైబర్ మాపో చాలు. కోటింగ్‌ని ఎక్కువగా గీసేది చెప్పులతో వచ్చే ఇసుకే, అది పోవాలి. వారానికోసారి చెక్క ఫ్లోరుకని అమ్మే న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) క్లీనర్‌తో, బట్టని గట్టిగా పిండి తుడవండి. తుడిచిన చోట ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోవాలి. ఆరలేదంటే నీళ్లెక్కువైనట్టే.

బ్రాడీపేట_బాబాయ్:
వెనిగర్ మనం తినే వస్తువు బాబూ. కడుపుకి పట్టేది చెక్కకి పట్టదా?

కలప_పని:
నిమ్మకాయా తింటాం. నిమ్మరసం మార్బుల్ మీద పడి ఆగితే మచ్చ పడదా అండీ?

బ్రాడీపేట_బాబాయ్:
నేను చెప్పింది చెక్క గురించి. మార్బుల్ మధ్యలో ఎందుకొచ్చింది?

కొరిటెపాడు_ఉమ:
మీ వాదన మీరు చూసుకోండి గానీ, బ్లీచింగ్ పౌడర్ కలిపిన బకెట్లో వెనిగర్ గానీ, బాత్రూం యాసిడ్ గానీ ఎవరూ పోయకండి. క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఇంట్లో పిల్లలుంటారు.

బ్రాడీపేట_బాబాయ్:
అసలు ఫ్లోరు వేసేవాళ్లంతా ఇంతే. మా అబ్బాయి ఇంట్లో ఇలాగే లేస్తే, వేసినాయన వచ్చి "తడిబట్ట పెట్టారు, మా బాధ్యత కాదు" అని చేతులు దులుపుకున్నాడు. మళ్లీ ఫోన్ ఎత్తితే ఒట్టు. డబ్బు తీసుకునే రోజున తడిబట్ట సంగతి ఒక్కరూ చెప్పరు!

కలప_పని:
నేను ప్రతి ఇంట్లో చెప్పే వస్తాను. విన్నవాళ్లెంతమంది? నీళ్లు గుమ్మరించి, ఫ్లోరు పాడైందని నా బ్యాలెన్స్ ఆపేసినవాళ్లున్నారు. మా కుర్రాళ్లకి కూలి నేనెక్కణ్ణించి తేవాలి?

పటమట_గృహిణి:
మా ఇంట్లో గొడవ కూడా ఇదేనండీ. మాకు వేసినాయన వచ్చి చూసి, పనమ్మాయి పెట్టిన తడి వల్లేనని తేల్చేశారు. మావారు ఈ నెల ఆమె జీతంలో సగం ఆపేశారు. "పెద్దమ్మగారు చెప్పినట్టే తుడిచానమ్మా" అని ఆ పిల్ల ఏడ్చింది. అందుకే అడిగాను, నిజంగా తడిబట్టేనా అని.

భవానీపురం_అక్క:
మా అమ్మ ఇళ్లలో గిన్నెలు తోమి, నేలలు తుడిచి మమ్మల్ని చదివించింది. ఆ ఇళ్లలో ఏది పాడైనా ముందు ఆమె జీతమే కోసేవారు. ఫినాయిల్ కొన్నది మీరు, ఎలా తుడవాలో చెప్పింది మీవాళ్లు. కోత ఆమెకా? ఇన్ని పోస్టుల్లో వెనిగర్ గురించి కొట్టుకున్నారు గానీ తుడిచే మనిషి గురించి ఒక్కరూ అడగలేదు.

కలప_పని:
అక్క అడిగింది న్యాయం. మేడం, ఆ అమ్మాయి హాలంతా ఒకేలా తుడుస్తుందా? అలాగైతే తడి ప్రభావం హాలంతా కనిపించాలి. తలుపు దగ్గరే లేచిందంటే ముందు ఆ తలుపునే అనుమానించాలి. స్లైడింగ్ ట్రాక్‌లో నీరు పోయే చిల్లులు మూసుకుపోయాయేమో చూడండి. అక్కడే స్కర్టింగ్ (గోడ అడుగున కొట్టిన పట్టీ) ఒక ముక్క ఊడదీయించండి. గోడకీ పలకకీ మధ్య సుమారు 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, ఉబ్బినప్పుడు జరగడానికి.

బ్రాడీపేట_బాబాయ్:
ఖాళీ లేకపోతే వేసినవాడిదే తప్పని రాయి మరి. నీ నోటితో అనవేం?

కలప_పని:
ఖాళీ వదలకపోతే వేసినాయనదే, అంటాను. ట్రాక్ కారితే అది కిటికీలవాళ్లది. చూడకుండా ఎవరినీ అనను.

పటమట_గృహిణి:
తీయించి చూశాం. పలకలు గోడకి ఆనుకునే ఉన్నాయి, సందే లేదు. ట్రాక్ పక్కన చెక్క నల్లబడిపోయింది, గోరు గుచ్చితే దిగుతోంది. చిల్లుల్లో మట్టి గట్టిపడి ఉంది. ఫోటోలు పంపితే వేసినాయన, డబ్బులిస్తే అరగదీసి మళ్లీ కోటింగ్ వేస్తానంటున్నారు.

కలప_పని:
ఇప్పుడే అరగదీయనివ్వకండి. తడి ఆరకముందే లేచిన అంచులు కొట్టేస్తే, ఆరాక ప్రతి పలకా నడుమ ఎత్తుగా తేలుతుంది. ముందు లీకు ఆపండి, ఫ్యాన్ వేసి ఉంచండి. తేమ మీటర్ పెట్టి చూపించాకే మిగతా పని. మెత్తబడిన పలకలు మాత్రం మార్చాల్సిందే.

బ్రాడీపేట_బాబాయ్:
మా అబ్బాయి ఇంట్లో కూడా రేపు స్కర్టింగ్ తీయిస్తాను. వెనిగర్ సంగతి మాత్రం నేనొప్పుకోను.

భవానీపురం_అక్క:
ఆ అమ్మాయి జీతం ఇచ్చారా?

పటమట_గృహిణి:
అత్తగారు ఇచ్చేయమంటున్నారు. వేసినాయన సంగతి తేలాక చూద్దామని మావారు.

భవానీపురం_అక్క:
ఆయన సంగతి తేలేదాకా వాళ్లింట్లో బియ్యం ఎవరు కొంటారు? ఈ రోజే ఇచ్చేయండి.