పాపకి మెడ మీద, వీపు మీద చెమటకాయలు, రాత్రంతా దురద. ఇంట్లో ఏం చేయొచ్చు?

చిన్నూవాళ్ళమ్మ, విజయవాడ
మా పాపకి నాలుగేళ్ళు. పది రోజులుగా మెడ చుట్టూ, వీపంతా ఎర్రగా సన్నటి పొక్కులు. పగలు ఆటలో పడి మర్చిపోతుంది కానీ రాత్రి కరెంటు పోయిందంటే చాలు, గోక్కుంటూ లేచి ఏడుస్తుంది. మా అత్తగారు కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తున్నారు, మా ఆయనకి చిన్నప్పుడు అదే రాసేవారట. నాకేమో రాసినకొద్దీ ఎక్కువవుతున్నట్టు అనిపిస్తోంది, ఆవిడకి చెప్పాలంటే మొహమాటం. మందుల షాపులో ఒక ట్యూబ్ ఇచ్చారు, పసిపిల్ల ఒళ్ళు కదా అని భయమేసి ఇంకా తెరవలేదు. ఇంట్లోనే తగ్గించుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

రామగుండం పిల్ల
అక్కా, ముందు నూనె ఆపేయండి. చెమట బయటికి వచ్చే దారులు మూసుకుపోయి చెమట లోపలే నిలిచిపోతే వచ్చేవే చెమటకాయలు, వాటి మీద నూనె రాస్తే ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. చలికాలంలో ఒళ్ళు పొడిబారి దురద పెడితే కొబ్బరినూనె చాలా మంచిది, ఎండాకాలపు చెమటకి మాత్రం వద్దు. అత్తగారికి ఈ మాటే చెప్పండి, నొచ్చుకోరు.

మా ఇంట్లో ఎండలు ముదిరితే అందరికీ ఇవే. అమ్మ తాటిముంజల గుజ్జు చిదిమి, లోపలి నీళ్ళతో సహా ఒంటికి రాసి, పావుగంట ఆగి చన్నీళ్ళు పోసేది. ఆ రాత్రి నిద్రపట్టేది. కానీ ముంజలు రాసి మళ్ళీ నైలాన్ గౌను వేస్తే లాభం లేదు. వదులుగా ఉండే పల్చటి నూలు బట్టలు వేయండి, ఇంట్లో ఉన్నంతసేపు ఒంటి మీద చొక్కా లేకుండా ఫ్యాను కింద ఉంచండి, రెండు పూటలా స్నానం చేయించి తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. అసలు తగ్గించేది ఆ చల్లదనమే.

వేపచెట్టు నీడ
వేపాకు నూరి ముద్దగా పట్టించకండి, పొక్కులు చిట్లి ఉంటే మండుతుంది. గుప్పెడు ఆకులు నీళ్ళలో మరిగించి బాగా చల్లారాక ఒంటి మీద పోస్తే చాలు. కలబంద అయితే మట్ట కోసి కాసేపు నిలబెట్టి, ఆ పసుపు జిగురంతా కారిపోయాక లోపలి గుజ్జు తీయాలి, ఆ జిగురు తగిలితే కొందరికి దురద ఇంకా పెరుగుతుంది. ఏదైనా సరే ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. నిమ్మరసం, వెల్లుల్లి జోలికి అసలు పోవద్దు. మా చెల్లెలు తామర మీద వెల్లుల్లి నూరి కట్టు కడితే చర్మం కాలి బొబ్బలెక్కింది, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

చిన్నూవాళ్ళమ్మ, విజయవాడ
పౌడర్ రాయొచ్చా మరి?

వేపచెట్టు నీడ
వద్దండి, చెమటతో కలిసి ముద్దకడుతుంది, పిల్లలు పీల్చినా మంచిది కాదు. కాలమైన్ లోషన్ పల్చగా రాయొచ్చు.

పల్నాడు మిరప
ఆ ట్యూబ్ మాత్రం దయచేసి వాడకండి అమ్మా. ముందు దాని పెట్టె మీద చదవండి, క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్ ఇలాంటి పేరుంటే అది స్టెరాయిడ్. నాకు తొడల దగ్గర తామర వస్తే ఇలాగే షాపులో అడిగి తెచ్చుకున్నాను, మూడు రోజుల్లో దురద పోయింది, మానేయగానే రెట్టింపు వచ్చింది, మళ్ళీ రాశాను. స్టెరాయిడ్ దురదని అణిచేస్తుంది కానీ ఫంగస్ పాకుతూనే ఉంటుంది. చివరికి చర్మం డాక్టర్ దగ్గర నెలల తరబడి మందులు వాడాల్సి వచ్చింది.

ఇంకొకటి, అవి చెమటకాయలేనా అని సరిగ్గా చూడండి. గుండ్రంగా, అంచు మాత్రం ఉబ్బి ఉంటే తామర కావచ్చు. వేళ్ళ సందుల్లో కూడా ఉండి, ఇంట్లో ఇంకెవరికైనా రాత్రిళ్ళు దురద ఉంటే గజ్జి అయ్యుండొచ్చు, దానికి ఇంటిల్లిపాదీ ఒకేసారి మందు వాడాలి, వేపాకు నీళ్ళతో పోదు. చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

చిన్నూవాళ్ళమ్మ, విజయవాడ
పెట్టె మీద మీరు చెప్పిన వాటిలో ఒక పేరు ఉందండి, పక్కన పడేశాను. వేళ్ళ సందుల్లో ఏమీ లేవు, మాకెవరికీ దురద లేదు. నూనె సంగతి అత్తగారికి చెబితే ఏమీ అనుకోలేదు, సాయంత్రం తనే వెళ్ళి డజను ముంజలు తెచ్చి పాపకి రాశారు. రాత్రి ఒక్కసారే లేచింది. సోమవారం దాకా చూసి, తగ్గకపోతే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాను.