కొండ ఆడవాళ్ళ చరిత్రంటే అవార్డు వచ్చినవాళ్ళేనా?

జయపురం కుర్రాడు: మా కాలనీ గోడ మీద ఇక్కడి ఒడిశా కోరాపుట్, రాయగడ కొండల్లో పేరున్న ఆడవాళ్ళ బొమ్మలు వేయిద్దాం అనుకుంటున్నాం. నాలుగు బొమ్మలకే చోటుంది. మొదటిది కమలా పూజారి, ఇందులో చర్చే లేదు. మా దగ్గర పాత్రపుట్ ఊరి పరజా తెగ రైతు, వందకి పైగా దేశవాళీ వరి రకాలు నిలబెట్టిన మనిషి, 2019లో పద్మశ్రీ, 2024 జూలైలో పోయారు. రెండోది కుంద్రా వైపు భూమియా తెగ రైతు రాయిమతి ఘివురియా. 72 వరి, 30 చిరుధాన్యాల రకాలు దాచి 2023లో జి20కి ఢిల్లీ వెళ్ళింది. మిగతా రెండూ చెప్పండి.

గుణుపురం మాస్టారు: బాబూ, ఇద్దరూ నిన్నమొన్నటి వాళ్ళే, చరిత్ర అంటావేంటి? మా వైపు సవర కొండల్లో చచ్చిపోయినవాళ్ళు పూనకంలో ఎక్కువగా ఆడమనిషి నోటే మాట్లాడతారు, బతికున్నవాళ్ళు ఎదురుగా కూర్చుని ఏడుస్తారు, వాదిస్తారు, తగువు తీర్చుకుంటారు. నియమగిరి కొండల్లో డోంగ్రియా తెగ వాళ్ళకి పూజలు చేసే బెజుణి కూడా ఆడదే. తరాల నుంచి ఊరిని నడిపినవాళ్ళకి గోడ మీద చోటు లేదు గానీ ఢిల్లీ వెళ్ళొస్తే ఉంటుందా?

రాయగడ లక్ష్మి: మాస్టారూ, మీ బాధ అర్థమైంది గానీ పేరు లేని బెజుణి అంటే పెయింటర్ ఏం వేస్తాడు? ముక్కుపోగులు, మెడనిండా పూసలు, వెనక కొండ. టూరిజం పోస్టర్ అయిపోతుంది. అసలు పేర్లు ఎందుకు మిగల్లేదో చూడండి. 1936 దాకా కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖ జిల్లా కిందే ఉండేది, శిస్తు వసూలు చేసే దొరతనానికి ఊరిపెద్ద ఎవరో కావాలి గానీ చోళ్ళ విత్తనం ఏరి కుండలో దాచిన ఆవిడ ఎవరైతే ఏంటి? అందుకే కమల పేరు పేపర్లో పడటం నాకు చిన్న విషయం కాదు.

గుణుపురం మాస్టారు: సరేనమ్మా, మరి 2013లో నియమగిరి మీద 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దన్నప్పుడు ఆడవాళ్ళు జడ్జి ముందే లేచి మాట్లాడారే, అందులో ఏ ఒక్కరి బొమ్మ వేస్తావు? ఒకరిని వేస్తే మిగతావాళ్ళని తుడిచేసినట్టే. విత్తనాలూ అంతే, ఊరంతా దాస్తేనే నిలిచాయి.

మల్కన్‌గిరి రవి: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. కొట్లు పెట్టుకుని, ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన తెలుగోళ్ళం మనం. వాళ్ళలో ఎవరు గొప్పో మనమే తేల్చేస్తున్నాం. ఒక్క పరజా మనిషినైనా అడిగారా?

జయపురం కుర్రాడు: అన్నా, అడగలేదు, నిజమే. కానీ కమల బొమ్మ మాత్రం తీయను.

రాయగడ లక్ష్మి: తీయొద్దు. బుధవారం చాటికోన సంతకి డోంగ్రియా ఆడవాళ్ళు దిగుతారు, నేనెలాగూ వెళ్తాను. ఎవరైనా వస్తానంటే చెప్పండి, వాళ్ళ కువి భాష వచ్చినవాళ్ళు ఒకరు తోడుండాలి, నా ఒడియాతో పని జరగదు. మాస్టారూ, మీరొస్తారా?

గుణుపురం మాస్టారు: వస్తాను గానీ, బెజుణే తన బొమ్మ వద్దంటే మాత్రం మళ్ళీ అవార్డుల లిస్టు తీయకండి.