నీళ్లలోదీ నీడే, నేల మీదదీ నీడే: గేమ్ మెనూలో ఏం రాయాలి?

అమలాపురం నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారమండి. మేం కొందరం స్నేహితులం కలిసి ఒక చిన్న గేమ్ చేస్తున్నాం. కాలువ గట్టు, కొబ్బరి తోటలు, లాకులు, రేవులో పంటు, అంతా మన కోనసీమే. మెనూ మొత్తం తెలుగులోనే ఉండాలని మా పట్టుదల. సౌండు, కంట్రోల్స్ దాకా బాగానే నడిచింది. గ్రాఫిక్స్ దగ్గర బండి ఆగిపోయింది. 'షాడోస్' ఉన్నచోట 'నీడలు' అని రాసేశాం. దాని కింద వరసే 'రిఫ్లెక్షన్స్'. మా అమ్మమ్మకి స్క్రీన్ చూపించి, కాలువలో తలకిందులుగా కనిపిస్తున్న కొబ్బరిచెట్టుని ఏమంటావు అని అడిగితే, "ఏవంటార్రా, నీడ" అంది. ఇప్పుడు రెండు వరసల్లోనూ నీడలే అయ్యేలా ఉన్నాయి. మీరేమంటారు?

భీమవరం నుంచి:

భౌతికశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇందులో ఆలోచించడానికి ఏముంది బాబూ? రిఫ్లెక్షన్ అంటే పరావర్తనం, రిఫ్రాక్షన్ అంటే వక్రీభవనం. తెలుగు మీడియంలో పదో తరగతి చదివినవాళ్లందరికీ తెలిసిన మాటలే. ఉన్న మాట వాడుకోండి.

యానాం నుంచి:

తెలిసిన మాటే మాస్టారూ, కానీ "చెరువులో కొబ్బరిచెట్టు పరావర్తనం ఎంత బావుందో" అని ఎవరైనా అన్నారా? ఆడే పిల్లలకి 'రిఫ్లెక్షన్స్' అంటేనే తెలుస్తుంది. తెలుగు లిపిలో అదే పెట్టేసి ముందుకెళ్లండి.

రాజోలు నుంచి:

నా ఉద్యోగం గ్రాఫిక్స్‌లోనే కాబట్టి కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

మాస్టారూ, పరావర్తనం వెలుగు చేసే పని. ప్రతిబింబం మన కంటికి దొరికే బొమ్మ. సున్నం కొట్టిన గోడ మీద కూడా వెలుగు పరావర్తనం చెందుతుంది, అందుకేగా గోడ కనబడుతోంది. కానీ అందులో మన మొహం కనబడదు. గేమ్‌లో ఆ 'రిఫ్లెక్షన్స్' వరసని ఆఫ్ చేస్తే గోడలు నల్లబడిపోవు. నీళ్లలో, అద్దాల్లో, వాన పడ్డ తారురోడ్డు మీద కనిపించే బొమ్మలు పోతాయి, లేదంటే నాసిగా మారతాయి. కాబట్టి అక్కడ పరావర్తనం అని రాస్తే మీ శాస్త్రం ప్రకారమే కుదరదు.

ఇక అమ్మమ్మగారి మాట. ఆవిడ అన్నది అచ్చమైన తెలుగు. సింహం నూతిలో తన నీడని చూసి ఇంకో సింహం అనుకుని దూకిన కథ చిన్నప్పుడు అందరం విన్నాం. ఆ చెప్పేవాళ్ల నోట ప్రతిబింబం అన్న మాట వచ్చిందా? సంస్కృతంలో ఛాయ కూడా ఇంతే. నీడా అదే, ప్రతిబింబమూ అదే, చామనఛాయ అన్నప్పుడు ఒంటిరంగూ అదే. మరి ఇన్నాళ్లూ తికమక ఎందుకు రాలేదంటే, పక్కనున్న మాట సంగతి తేల్చేస్తుంది. నేల మీద నీడ పడుతుంది. నీళ్లలో నీడ కనబడుతుంది. 'మీద' అంటే ఒకటి, 'లో' అంటే ఇంకొకటి. మెనూలో ఆ విభక్తికి చోటుండదు. 'నీడలు' అని ఒంటరిగా వేలాడుతుంది. చిక్కల్లా అక్కడే.

కాలువ గట్టు మీద తిరిగేవాళ్లకి ఈ 'మీద', 'లో' తేడా కళ్లకు కడుతుంది. వరదల రోజుల్లో నీరు ఒండ్రుతో ఎర్రగా వస్తుంది. ఆ నీటి మీద వంతెన నీడ నేల మీద పడ్డట్టే చక్కగా పడుతుంది. ఎండ ఒండ్రు రేణువులకి తగిలి చెదిరి మన కంటికి వస్తుంది కాబట్టి, ఎండ తగలనిచోటు నల్లగా తెలిసిపోతుంది. సంక్రాంతి నాటికి నీరు తేరుకుంటుంది. తేటనీటి పైన అలాంటి నీడ నిలవదు, పడితే అడుగున ఇసుక మీద పడాలి. అప్పుడు మనకి కనిపించేది తలకిందుల వంతెన. వంతెన అదే, కాలువ అదే. ఆగస్టులో నీళ్ల మీద నీడ, జనవరిలో నీళ్లలో నీడ.

ఎర్రనీళ్లలో ప్రతిబింబం ఉండదని కాదు. నీటి పైపొర వరదలోనూ అంతే వెలుగుని తిప్పి పంపుతుంది. లోపలినుంచి వచ్చే ఎర్రటి వెలుగు దానికి తోడై బొమ్మ వెలవెలబోతుంది, అంతే. చాలా గేముల్లో వరదనీరు గీయమంటే రిఫ్లెక్షన్ కోసేస్తారు. అది నీరులా ఉండదు, తడిసిన మట్టిలా ఉంటుంది. మీరు మాత్రం ఆ పని చేయకండి.

అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. గట్టు మీద నాలుగడుగులు వేయండి. నేల మీద చెట్టు నీడ ఎక్కడిదక్కడే ఉంటుంది, దాన్ని కదిపేది సూర్యుడు. నీళ్లలో నీడ మీతోపాటు నడుస్తుంది, దాని చోటు చూసే కంటిని బట్టి ఉంటుంది.

అమలాపురం నుంచి:

భలే చెప్పారన్నా. అయితే బొమ్మని గీసే గేమ్ ఇంజిన్ లోపల ఈ రెండూ ఒకటేనా, వేరువేరా?

రాజోలు నుంచి:

పాత పద్ధతుల్లో రెండింటికీ చుట్టరికమే లేదు తమ్ముడూ. 1976లో బ్లిన్, న్యూవెల్ అనే ఇద్దరు చుట్టుపక్కల దృశ్యాన్ని ముందే ఒక బొమ్మగా తీసుకుని వస్తువు మీద కనిపించేలా చేశారు. ప్రతిబింబాలకి అది దారి. నీడల కోసం 1978లో లాన్స్ విలియమ్స్ ఇంకో ఉపాయం చెప్పాడు. దీపం ఉన్నచోటి నుంచి ఒకసారి చూసి, ఏది ఎంత దూరంలో ఉందో రాసుకోవడం. దీపానికి కనబడని చోటల్లా నీడ.

1980లో టర్నర్ విటెడ్ అచ్చువేసిన పేపర్‌తో రెండూ ఒక గూటికి చేరాయి. కంటి నుంచి ఒక కిరణం పంపుతాడు. అది తగిలినచోటి నుంచి దీపం వైపు ఒకటి, అద్దంలో తిరిగే దిక్కుకి ఇంకొకటి. మొదటిది "దారిలో అడ్డమేమైనా ఉందా?" అని అడుగుతుంది. రెండోది "ఎదురుగా ఏముంది?" అని అడుగుతుంది. కోడ్‌లో మాత్రం రెండిటి పనీ ఒక్కటే: ఇక్కణ్ణించి అటు వెళ్తే ఏం తగులుతుంది? రే ట్రేసింగ్ అంటే ఇదే. ఈ లెక్కన రెండింటికీ ఒకే మాట వాడే అమ్మమ్మగారు ఆ కోడ్‌కి దగ్గర.

అప్పట్లో అలాంటి ఒక్క బొమ్మకి గంటకు పైనే పట్టింది. సెకనుకు 60 ఫ్రేములు నడవాలంటే ఇప్పుడు ఒక్కో ఫ్రేముకి దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు. 2018లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డులు, 2020లో ప్లేస్టేషన్ 5 వచ్చాకగానీ ఇది మామూలు ఇళ్లలోకి రాలేదు. అదీ పిక్సెల్‌కి ఒకటో రెండో కిరణాలు వదిలి, మిగిలిన గరుకునంతా డీనాయిజర్‌తో, అంటే చుక్కల్ని తుడిచే ప్రోగ్రాంతో, చదును చేస్తే.

మీది ఫోన్ గేమ్ అయితే అంత దూరం వద్దు. అలాగని స్క్రీన్ స్పేస్ పద్ధతి జోలికీ పోకండి. అందులో తెర మీద ఉన్నదే నీళ్లలో కనిపిస్తుంది. కెమెరా కాస్త కిందికి దించగానే కొబ్బరిమొవ్వ తెర దాటిపోతుంది. ఆ క్షణమే నీళ్లలో మట్టలన్నీ మాయమై మాను ఒక్కటే మిగులుతుంది. కాలువ నీరు ఎలాగూ సమతలమే కాబట్టి, కెమెరాని నీటిమట్టానికి అవతల తిరగేసి పెట్టి దృశ్యాన్ని ఇంకోసారి గీయించండి. ఖర్చు రెండింతలవుతుంది, దూరంగా ఉన్న ఇళ్లూ గడ్డీ వదిలేస్తే సర్దుకుంటుంది.

భీమవరం నుంచి:

సరే, పరావర్తనం వెనక్కి తీసుకుంటాను గానీ ఒక లెక్క ఇచ్చి పోతాను. నీటి వక్రీభవన గుణకం 1.33. నిట్టనిలువుగా కిందికి చూస్తే పడ్డ వెలుగులో నూటికి 2 వంతులే తిరిగొస్తుంది. చూపు వాలేకొద్దీ పెరిగి, నీటికి ఆనుకున్నంత వాలుగా చూస్తే నూటికి నూరుకి దగ్గరవుతుంది. అందుకే మన కాళ్ల దగ్గర అడుగు కనిపిస్తుంది, అవతలి గట్టు దగ్గర చెట్లు కనిపిస్తాయి. మీ గేమ్‌లో నీరంతా ఒకే అద్దంలా ఉంటే మాత్రం ఒప్పుకోను.

ఇంకో సంగతి. మా వైపు రొయ్యల చెరువుల మీద రాత్రిపూట లైట్లుంటాయి. నీటిని చిలికి గాలి పట్టించే ఏరేటర్లు ఆపితే నీళ్లలో బల్బు బల్బులాగే ఉంటుంది. వేశారంటే అలలకి ఆ వెలుగు బారుగా మన వైపు సాగుతుంది. దాన్ని నీడ అనడానికి నాకు నోరు రాదు. తళుకు అంటాను.

రాజోలు నుంచి:

బంగారంలాంటి మాట మాస్టారూ. 'హైలైట్' ఉన్నచోట తళుకు సరిగ్గా సరిపోతుంది. ఆ బారుగా సాగడం కూడా గేముల్లో మొదట్లో లేదు. ఫాంగ్ 1975లో ఇచ్చిన సూత్రంతో చదునైన చోట తళుకు ఎంత వాలుగా చూసినా గుండ్రంగానే ఉండేది. 1977లో బ్లిన్ దాన్ని సవరించాక సాగడం మొదలైంది.

యానాం నుంచి:

ఇంతకీ మెనూలో ఏం రాయాలో ఎవరూ చెప్పలేదు.

అమలాపురం నుంచి:

పైన 'నీడలు', కింద 'ప్రతిబింబాలు' అని ఖాయం చేస్తున్నామండి. ప్రతిబింబం బడి మాటే అయినా అర్థం కానివాళ్లు ఉండరు. పక్కనే చిన్న అక్షరాల్లో 'ఎండకి పడేవి' అని ఒకదానికి, 'నీళ్లలో, అద్దాల్లో కనిపించేవి' అని రెండోదానికి రాస్తాం. విభక్తి దొరికినట్టే కదా. ఇప్పుడు మూడో వరస 'గ్లోబల్ ఇల్యూమినేషన్' ఉంది. దానికి?

రాజోలు నుంచి:

సున్నం గోడకి తగిలిన ఎండ వసారాలోకి తిరిగొచ్చి అరుగు మీద పడుతుంది చూడండి, ఆ వెలుగు అన్నమాట. 'పరావర్తన కాంతి' అని రాయండి. మాస్టారి మాటకి చోటు దొరికింది.

భీమవరం నుంచి:

ఆయ్, ముందే చెప్పాగా.