దూరం నుంచి చూసి ఎల్క్ (పెద్ద జాతి జింక) కొమ్ముల స్కోరు అంచనా వేయడం ఎలా?

నమస్కారం అండీ. కొలరాడోలో ఉంటాను, సెప్టెంబరులో విల్లు వేటకి వెళ్తున్నాను. స్కోరు లెక్క కాగితం మీద అర్థమైంది: ప్రధాన కొమ్ములు, వాటి శాఖల పొడవులు, ఒక్కో కొమ్ముకి నాలుగు చోట్ల చుట్టుకొలత, రెండు కొమ్ముల మధ్య వెడల్పు అంగుళాల్లో కూడి, ఎడమ కుడి తేడాలు తీసేయాలి. కానీ బైనాక్యులర్లో చూస్తుంటే మగ ఎల్క్ కాసేపైనా నిలబడదే! శాఖల్ని చెవి పొడవుతో పోల్చుకుంటున్నాను, సరే. వెనక్కి వంగిన ప్రధాన కొమ్ము పొడవే అస్సలు అంతు చిక్కడం లేదు, స్కోరులో పెద్ద వాటా దానిదే కదా. పక్కనుంచి చూడాలా, వెనకనుంచా? పోప్ అండ్ యంగ్ (విల్లు వేట రికార్డులు నమోదు చేసే క్లబ్) రికార్డుకి కనీసం 260 స్కోరు కావాలి. ఒక్కోవైపు ఆరు మొనలున్నప్పుడు 260కీ 300కీ తేడాని మీరు ముందుగా దేన్నిబట్టి పడతారు? కింది నుంచి నాలుగో శాఖనిబట్టా? అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ప్లీజ్.